పాత ఇల్లు – చెమ్మ వాసన



వానలు పట్టిన నాలుగో రోజునో ఐదో రోజునో పాత ఇంటి తలుపు తీసి లోపల అడుగు పెట్టగానే ఒక వాసన తగులుతుంది. ముక్కిపోయిన బియ్యం, ఏళ్ల తరబడి తెరవని పుస్తకం, తడిసిన మట్టికుండ, ఈ మూడూ కలిసినట్టు ఉంటుంది. కొందరు చెమ్మ వాసన అంటారు. కొందరు ముక్కవాసన అంటారు. ఎక్కడినుంచి వస్తోందో మాత్రం ఎవరూ చెప్పలేరు. మంచం కింద చూస్తాం, అటక మీద చూస్తాం, ఎలుక చచ్చిందేమోనని పెట్టెలన్నీ జరుపుతాం. ఏమీ దొరకదు. ఊదువత్తి వెలిగించి ఊరుకుంటాం. మర్నాడు వాసన మళ్లీ వస్తుంది.

ఈ రోజు ఆ వాసన గురించి, దాని జాడ పట్టే పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. నేను ఇంజనీరును కాను. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా ఇంట్లో ఈ వాసనతో నాలుగేళ్లు అవస్థపడి, చేయకూడని తప్పులన్నీ చేసి, చివరకు నేర్చుకున్నది మీ ముందు పెడుతున్నాను. ఆ తప్పులు మీరు చేయకుండా ఉంటే నాకు అంతే చాలు.

మాది హోసూరు వైపు. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్ర మూడూ కలిసే మూల. మా జిల్లా ఒకప్పుడు సేలం, 1965 నుంచి ధర్మపురి, 2004 నుంచి కృష్ణగిరి. జిల్లా పేర్లు మారాయి కాని మా వీధిలో మాట్లాడే తెలుగు మారలేదు. మా తాతగారు కట్టించిన తొట్టికట్టు ఇల్లు మాది. వీధి వైపు తిన్నె, తలవాకిలి, పడసాల, పక్కన నడిమి గది, వెనక నాలుగు వైపులా వసారాలతో ఆకాశం కనిపించే తొట్టి, ఆపైన వంటిల్లు, పెరడు. గోడలు పద్దెనిమిది అంగుళాల మందం. ఇటుక, సున్నం. పైన మద్రాసు మిద్దె.

మద్రాసు మిద్దె అంటే తెలియని చిన్నవాళ్ల కోసం చెబుతాను. టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా, కొంచెం ఏటవాలుగా సున్నంతో పేరుస్తారు. వాటి మీద ఇటుక జల్లి, సున్నం కలిపి మూడు నాలుగు అంగుళాల మందాన పరిచి, కట్టె చెక్కలతో రోజుల తరబడి కొడతారు. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు చల్లుతూ కొడతారు. దాని మీద పలుచని మట్టి పెంకులు పరుస్తారు. సరిగా చూసుకుంటే ఆ మిద్దె మూడు తరాలు నిలుస్తుంది. మాది నిలిచింది.

ఆ నడిమి గదిలో మా అమ్మ పడుకుంటుంది. ఎనభై దాటిన మనిషి. మా తాతగారి ట్రంకు పెట్టె కూడా ఆ గదిలోనే ఉంటుంది. అందులో భూమి కాగితాలు, ఆయన తన చేత్తో తెలుగులో రాసుకున్న జమాఖర్చు పుస్తకాలు ఉన్నాయి. వాసన మొదలైంది ఆ గదిలోనే.

మొదట కనిపెట్టింది మేం కాదు. బెంగుళూరునుంచి పండక్కి వచ్చిన మా మరదలు. గడప దాటగానే ముక్కు చిట్లించి, "బావగారూ, ఇక్కడేదో తడిసిపోయినట్టుంది" అంది. అమ్మకు కోపం వచ్చింది. "నాకేమీ రావటం లేదమ్మా, పుట్టింటికన్నా ఎక్కువ ఏళ్లు ఈ గదిలోనే ఉన్నాను" అంది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. మన ముక్కుకు ఒక గుణం ఉంది. ఏ వాసనలోనైనా కొంతసేపు కూర్చుంటే ముక్కు దాన్ని పట్టించుకోవటం మానేస్తుంది. అందుచేత ఇంట్లోనే ఉండేవాళ్లు ఈ విషయంలో మంచి సాక్షులు కారు. బయటినుంచి వచ్చినవాళ్ల మాట, చిన్నపిల్లల మాట వినాలి. లేదా మనమే ఒక గంట బయట తిరిగి వచ్చి, అడుగు పెట్టిన మొదటి క్షణంలో ఏం తోచిందో గుర్తుపెట్టుకోవాలి. ఇది మొదటి పాఠం.

ఇంతకీ ఆ వాసన ఏమిటి? తడి ఒక్కటే అయితే వాసన ఉండదు. మంచినీళ్లకు వాసన లేదు కదా. తడి ఉన్నచోట కంటికి కనిపించని బూజు, మట్టిలో ఉండే మరికొన్ని సూక్ష్మజీవులు పెరుగుతాయి. గోడకు కొట్టిన రంగు, కాగితం, కట్టె, బట్ట, దుమ్ము, ఏది దొరికితే అది తిని బతుకుతాయి. అవి బతికే క్రమంలో వదిలే ఆవిరులే ఈ వాసన. తొలకరి చినుకు పడ్డప్పుడు నేల నుంచి వచ్చే కమ్మని వాసన ఉంది చూశారా, దానికి 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇద్దరు పెట్రికోర్ అని పేరు పెట్టారు. ఆ మట్టి వాసనలో ముఖ్యమైన పదార్థం ఒకటి మట్టిలోని సూక్ష్మజీవులు తయారు చేసేదే. అటువంటిదే గదిలో మూసిపెడితే ముక్కవాసన అవుతుంది. పొలంలో హాయిగా ఉన్నది పడకగదిలో హాయి కాదు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెమ్మ, బూజుల మీద ఒక మార్గదర్శక గ్రంథం వెలువరించింది. చెమ్మ ఉన్న ఇళ్లలో ఉండేవారికి దగ్గు, ఉబ్బసం వంటి శ్వాస ఇబ్బందులు ఎక్కువని అందులో చెప్పారు. మా అమ్మకు రాత్రిపూట దగ్గు ఉండేది. వయసు కదా అనుకున్నాం.

సరే, మేం ఏం చేశామో చెబుతాను.

మొదట ఎలుకను వెతికాం. చచ్చిన ఎలుక వాసన వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. ఇది తగ్గలేదు. తరువాత బియ్యం డబ్బా, ధాన్యం గాదె ఎండబెట్టాం. వాసన కదల్లేదు. 2021 కార్తీక మాసంలో మా వైపు ఎడతెరిపి లేకుండా వానలు కురిశాయి. అప్పుడు నడిమి గది గోడకు కింద మూరెడు ఎత్తున మచ్చ కనిపించింది. వాన వచ్చింది, మచ్చ వచ్చింది, కాబట్టి మిద్దె కారుతోందని తీర్మానించాం. మిద్దె మీద పాత పెంకుల పైనే సిమెంటు పోయించి, దాని మీద నీరు దిగని పూత వేయించాం. బాగా ఖర్చయింది. మరుసటి ఏడు వాసన ఇంకా పెరిగింది.

ఇక మా తమ్ముళ్లు ఇద్దరూ ఒకమాట మీదికి వచ్చారు. "అన్నా, ఈ ఇల్లు అయిపోయింది. పడగొట్టి కట్టుకునేవాళ్లకు ఇచ్చేద్దాం. మనకు తలా ఒక వాటా ఇల్లు వస్తుంది. అమ్మను ఆ చెమ్మలో ఎన్నాళ్లు ఉంచుతాం?" అన్నారు. వాళ్లు చెప్పింది న్యాయంగానే ఉంది. అమ్మ మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఒక్క వానాకాలం గడువు అడిగాను.

ఆ గడువులో మా ఊళ్లో ఇంకా మిగిలి ఉన్న ఒక పాత సున్నం మేస్త్రిని పిలిచాను. డెబ్భై దాటినవాడు. గది అంతా తిరిగాడు. గోడను వేలి మడతతో అక్కడక్కడ కొట్టి విన్నాడు. తరువాత, "అయ్యవారూ, నేనిప్పుడు ఏమీ చెప్పను. ఒక నోటుబుక్కు పెట్టండి. దినమూ పొద్దున తలుపు తీయంగానే వాసన ఎంతుందో రాయండి. వానొచ్చిందా లేదా రాయండి. ఇంట్లో నీళ్లు ఎప్పుడు ఎక్కువ పారుతాయో రాయండి. నెల తరువాత నన్ను పిలవండి" అని వెళ్లిపోయాడు.

శ్రోతలారా, నా మాటల్లో మీరు ఒక్కటే గుర్తుంచుకునేటట్టయితే ఈ నోటుబుక్కు మాట గుర్తుంచుకోండి. చెమ్మకు దారులు నాలుగే. పైనుంచి వాన. కిందినుంచి నేల తడి. లోపల పగిలిన గొట్టమో కాలువో. నాలుగోది గాలి. గాలిలోని ఆవిరి చల్లని గోడకు తగిలి నీరుగా మారటం. ఈ నాలుగూ ఒకే వాసన వేస్తాయి. వాసన చూసి ఏదో చెప్పలేం. కాని వాటి వేళలు వేరు. మిద్దె కారితే వాన పడిన కొన్ని గంటల్లోనే తెలుస్తుంది, మచ్చ పైనుంచి కిందికి దిగుతుంది. నేల తడి అయితే మచ్చ కిందినుంచి పైకి ఎక్కుతుంది, సాధారణంగా మూడు నాలుగడుగులు దాటదు, పై అంచున తెల్లగా ఉప్పు పూస్తుంది. గొట్టం పగిలితే వానతో పనిలేదు, ఎండాకాలంలోనూ ఉంటుంది. గాలి తడి అయితే తలుపులు మూసి ఉంచిన రోజుల్లో, బీరువా వెనక, మూలల్లో, వంటిల్లు పక్క గదిలో ఎక్కువ. కిటికీలు తెరిస్తే తగ్గుతుంది. కాబట్టి వాసన ఎక్కడ ఉందన్న ప్రశ్న కన్నా, ఎప్పుడు ఉందన్న ప్రశ్న ముఖ్యం.

మరో రెండు చిన్న పరీక్షలు కూడా చెబుతాను. ఖర్చు లేనివి.

ఒకటి ప్లాస్టిక్ పరీక్ష. అడుగున్నర చదరం ప్లాస్టిక్ కాగితం తీసుకుని, అనుమానం ఉన్న గోడ మీద నాలుగంచులా గాలి చొరకుండా టేపుతో అంటించండి. రెండు రోజులు వదిలేయండి. తీసి చూస్తే గోడవైపు నీటి బిందువులు ఉన్నాయంటే తడి గోడలోంచి వస్తోంది. గదివైపు ఉన్నాయంటే గాలిలోంచి వస్తోంది. మా గదిలో గోడవైపే వచ్చాయి.

రెండోది నీళ్ల మీటరు పరీక్ష. మీటరు ఉన్న ఇళ్లలో రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టి, మీటరు అంకె రాసుకోండి. ట్యాంకు నిండే దారి కూడా కట్టేయండి. తెల్లవారి ఎవరూ నీళ్లు వాడకముందే మళ్లీ చూడండి. అంకె కదిలిందంటే ఎక్కడో గొట్టం కారుతోంది. మీటరు లేనివాళ్లు ట్యాంకులో నీటి మట్టానికి గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక నా నోటుబుక్కు సంగతి. 2023 ఆషాఢంలో మొదలుపెట్టాను. దినం తప్పకుండా రాశాను. నెల అయ్యాక మేస్త్రి వచ్చి, నా రాత చదవలేడు గనుక, "చెప్పండి" అన్నాడు. చదువుతూ పోయాను. వాన వచ్చిన మరునాడు వాసన ఎక్కువ. అది ఊహించిందే. కాని మధ్యలో ఎనిమిది తొమ్మిది రోజులు చినుకు పడలేదు. ఆ రోజుల్లోనూ ఒక పొద్దున వాసన బాగా ఉంది. శనివారం. పేజీలు వెనక్కి తిప్పి చూశాను. అంతకుముందు శనివారమూ అంతే. దాని ముందుదీ అంతే.

మేస్త్రి అమ్మవైపు తిరిగి, "పెద్దమ్మా, శుక్రవారం మీరేం చేస్తారు?" అని అడిగాడు.

"చేసేదేముంది నాయనా, తొట్టి కడుగుతాం. లక్ష్మీదేవికి ప్రీతైన రోజు కదా, పది పన్నెండు బిందెల నీళ్లు పోసి కడిగిస్తాను" అంది అమ్మ.

మేస్త్రి నవ్వాడు. "తొట్టిలో పోసిన నీళ్లు ఎక్కడికి పోతాయి పెద్దమ్మా?"

"వీధిలోకి. తూములోంచి. మూడో మెట్టు కింద రాతి తూము ఉంది కదా."

మేం వీధిలోకి వెళ్లి చూశాం. తూము లేదు. మూడో మెట్టు కూడా లేదు. నా చిన్నతనంలో వీధినుంచి తిన్నె ఎక్కడానికి మూడు మెట్లు ఉండేవి. ఇప్పుడు ఒకటే ఉంది. మెట్లు ఎవరూ తీసేయలేదు. వీధే పైకి వచ్చింది. మొదట కంకర రోడ్డు, దాని మీద తారు రోడ్డు, దాని మీద మళ్లీ తారు, 2018లో సిమెంటు రోడ్డు. ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదనే వేశారు. రాతి తూము నోరు రోడ్డు కింద పూడుకుపోయింది. నేను రోజూ ఆ మెట్టు మీదనే చెప్పులు విడుస్తాను. రెండు మెట్లు ఏమయ్యాయని ఒక్కనాడూ అడగలేదు.

తొట్టిలో నాలుగు బిందెల నీళ్లు పోయించాం. వీధిలో ఒక్క చుక్క రాలేదు. నీళ్లు మాత్రం తొట్టిలో నిలవలేదు, మెల్లగా ఇంకిపోయాయి. ఎటు పోయినట్టు? మేస్త్రి నడిమి గదిలో గోడవారగా ఒక బండ లేపించాడు. దాని కింద రాతి గాడి, తొట్టినుంచి వీధికి పోయే పాత కాలువ. అందులో నల్లని బురద, బురద మీద నీళ్లు. మా మనవరాలు తొంగిచూసి ముక్కు మూసుకుని, "తాతా, ఇదే ఆ వాసన" అంది. నాలుగేళ్లు వెతికినది అమ్మ మంచం కోళ్లకు మూరెడు దూరంలో ఉంది.

ఇక్కడితో కథ ముగిస్తే తప్పు రోడ్డు వేసినవాళ్లదే అని చెప్పి నేను తప్పించుకోవచ్చు. కాని గోడకు మరో కథ ఉంది. అది నా తప్పు.

1996లో మా అమ్మాయి పెళ్లి. ఇల్లు కొత్తగా కనపడాలని గోడలకున్న పాత సున్నపు పూత గీయించి, సిమెంటు పూత పూయించాను. దాని మీద నున్నగా ఎనామిల్ రంగు వేయించాను. వచ్చినవాళ్లందరూ మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను. మేస్త్రి ఆ గోడనే వేలితో కొట్టి, "అయ్యవారూ, గోడకు రెయిను కోటు తొడిగించినారు. లోపలి చెమట ఎట్లా పోవాలి?" అన్నాడు.

ఆ మాటలో ఉన్న శాస్త్రం ఇది. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే సున్నం అవుతుంది. నీళ్లు పోసి చల్లార్చి గోడకు పూస్తే, అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. అయితే అందులో సన్నని రంధ్రాలు మిగిలి ఉంటాయి. గోడలోకి కొంత తడి వచ్చినా ఆ రంధ్రాల గుండా ఆవిరై బయటికి పోతుంది. సున్నం, మట్టితో కట్టిన గోడలు తడి రాకుండా కట్టినవి కావు, వచ్చిన తడి పోయేటట్టు కట్టినవి. మన దేశంలో సిమెంటు తయారీ పోరుబందరులో 1914లో నిలదొక్కుకుంది. సిమెంటు చెడ్డదని నేను అనను. సిమెంటుతో కట్టిన ఇంటికి సిమెంటు సరైనదే. కాని సున్నపు గోడ మీద సిమెంటు పూత, దానిపైన నూనె రంగు వేస్తే తడికి దారి మూసుకుపోతుంది. దారిలేని తడి గోడలోనే ఇంకా పైకి ఎక్కుతుంది. పూతకు, ఇటుకకు మధ్య నిలిచి ఉంటుంది. గోడ తడిమితే పొడిగానే ఉంటుంది, తట్టితే డొల్లగా పలుకుతుంది. ఉప్పు పేరుకుని పూత పెచ్చులుగా లేస్తుంది. అప్పుడు మనం మరింత గట్టి సిమెంటు పూస్తాం. జబ్బు ముదురుతుంది.

మరమ్మతు ఎలా చేశామో క్రమంగా చెబుతాను. ఈ క్రమం ముఖ్యం.

ముందు నీటిని ఆపాలి, తరువాతే గోడ జోలికి పోవాలి. వీధి ఎత్తయింది గనుక అటు వాలు దొరకదు. మా పెరడు పల్లంగా ఉంది. తొట్టినుంచి పెరట్లోకి కొత్త గొట్టం వేసి, గోడలకు దూరంగా ఉన్న కొబ్బరిచెట్ల పాదుల్లోకి నీరు మళ్లించాం. పాత గాడిలో బురద ఎత్తించి, రెండు కొసలూ మూయించాం. దీనికి అయిన ఖర్చు మిద్దె మీద నేను తగలేసినదాంట్లో నాలుగో వంతు కూడా లేదు.

తరువాత ఆ గోడకు, మచ్చ ఎక్కడిదాకా ఉందో దానికి ఒక అడుగు పైదాకా సిమెంటు పూత చెక్కించి, ఇటుకలు బయటపెట్టాం. ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, ఎత్తి పారేయించాం. ఉప్పును నీళ్లతో కడగకూడదు. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఆ తరువాత ఊరికే వదిలేశాం. ఇదే అందరికీ కష్టమైన పని. తడిసిన గోడ ఆరడానికి అంగుళానికి ఒక నెల అని పనివాళ్ల లెక్క. పద్దెనిమిది అంగుళాల గోడ అంటే ఏడాదిన్నర. అన్నాళ్లు ఇంట్లో ఇటుకలు కనిపిస్తూ ఉంటే చుట్టాలు అడుగుతారు. అడగనివ్వండి. తొందరపడి పూస్తే మొదటికి వస్తుంది. ఆరిన తరువాత సున్నపు పూత పూయించి, సున్నమే వెల్ల వేయించాం.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. చెమ్మ గోడలో స్విచ్చిబోర్డు ఉంటే ముందు కరెంటు పనివాణ్ణి పిలిచి ఆ లైను కట్టించండి. తడి గోడను తాకితే షాకు కొట్టే ప్రమాదం ఉంది. బూజు తుడిచేటప్పుడు పొడిగా దులపకండి, అది గాలిలోకి లేస్తుంది. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుని, కిటికీలు తెరిచి, సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి. ఉబ్బసం ఉన్నవాళ్లను ఆ పూట గదిలో ఉంచకండి. గది ఆరాలని తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది, ప్రాణం తీస్తుంది. దూలాలు గోడలో దూరే చోట సుత్తితో తట్టి చూడండి. చెమ్మ ఉన్నచోటికి చెదలు త్వరగా వస్తాయి.

పాత కాగితాలున్నవాళ్లకు ఒక మాట. తడిసిన పుస్తకాలను ఎండలో పెట్టకండి, కాగితం పెళుసుబారుతుంది. నీడలో, గాలి తగిలేచోట, పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ ఆరబెట్టండి. మా తాతగారి జమాఖర్చు పుస్తకాలు అలాగే దక్కించుకున్నాం. రెండు మాత్రం అట్టలాగా అంటుకుపోయాయి, విడదీయలేకపోయాం. పెట్టెను మళ్లీ గోడకు ఆనించలేదు. జానెడు దూరం జరిపి, కింద రెండు ఇటుకలు పెట్టాం.

ఈ ప్రసంగం వింటున్న మీ ఇళ్లు అన్నీ మా ఇంటివంటివి కావు. బళ్లారి వైపు వాళ్లకు చవుడు మట్టి కప్పిన మిద్దెలు ఇంకా ఉన్నాయి. అక్కడ ఏటా వానలకు ముందు కొత్త చవుడు వేసి తొక్కించటం మానేస్తే అనుమానం ముందు మిద్దె మీదికే పోవాలి. మట్టి గోడకు సిమెంటు పూత మరీ అపకారం. బరంపురం వైపు సముద్రపు గాలిలోనే ఉప్పూ తడీ ఉంటాయి. అక్కడ బీరువాలను గోడకు దూరంగా ఉంచి, ఎండ కాసిన పూట కిటికీలు తెరవటం సగం మందు. యానాంలో 2022 జూలై గోదావరి వరద వీధుల్లోకి వచ్చింది. వరద నీరు తగిలిన గోడ పైకి ఆరినట్టు కనిపించినా లోపల నెలల తరబడి తడిగానే ఉంటుంది, వెంటనే రంగు వేయకూడదు. షోలాపూరులో ఇంట్లోనే మగ్గం ఉన్నవాళ్లు నూలును చెమ్మ గోడకు ఆనించి పేర్చకూడదు. నూలు తడిని పీలుస్తుంది, ఆ వాసన నేసిన బట్టకు వస్తుంది.

ఊరు ఏదైనా ఒక పని అందరూ చేయవచ్చు. రేపు పొద్దున వీధిలోకి వచ్చి మీ ఇంటి మెట్లు లెక్కపెట్టండి. మీ చిన్నప్పుడు ఎన్ని ఉండేవో పెద్దవాళ్లను అడగండి. లెక్క తగ్గిందంటే వీధి ఎంత లేచిందో తెలుస్తుంది. మీ ఇంటి తూము నోరు ఎక్కడుందో వెతకండి. మీ వీధికి మళ్లీ రోడ్డు వేయబోతున్నారని తెలిస్తే, పాతది తవ్వి అదే మట్టానికి వేయమని నలుగురూ కలిసి ముందుగానే అడగండి. వేశాక అడిగితే ప్రయోజనం లేదు. మేం ముందు అడగలేదు.

చివరగా మా ఇంటి సంగతి. 2025 సంక్రాంతికి సున్నపు పూత పూర్తయింది. తమ్ముళ్లు ఇద్దరూ వచ్చారు. మరదలు గడపలో నిలబడి ఊపిరి పీల్చి చూసింది. "లేదు బావగారూ" అంది. అమ్మ దగ్గు పూర్తిగా పోలేదు. డాక్టరు ఇచ్చిన మందు వాడుతూనే ఉంది. కాని రాత్రి రెండుసార్లు లేచి కూర్చునే మనిషి తెల్లవారిందాకా పడుకుంటోంది.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక అమ్మ నన్ను పిలిచింది. "వాసన పోయింది సరే రా. ఇంక వీళ్లు ఇల్లు అమ్మరు కదా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఇల్లు నా ఒక్కడిది కాదు. తమ్ముళ్లకు వాళ్ల పిల్లలున్నారు, వాళ్ల అవసరాలున్నాయి. మర్నాడు ఊరికి వెళ్లేటప్పుడు పెద్ద తమ్ముడు కొత్త గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు. "ఇంకో ఏడు చూద్దాంలే అన్నా" అన్నాడు. అంతకుమించి ఆ మాట మా మధ్య రాలేదు.

పాత ఇల్లు ఉంచాలా, పడగొట్టాలా అన్నది ఎవరింటి మాట వారిది. అది నేను చెప్పగలిగింది కాదు. కాని ఒక వాసన కారణంగా ఇల్లు పోగొట్టుకోకండి. ముందు ఆ వాసన ఎక్కడినుంచి వస్తోందో కనుక్కోండి. నోటుబుక్కు తీయండి, వేళలు రాయండి, మెట్లు లెక్కపెట్టండి. ఆ తరువాత మీ ఇష్టం.